ఆవాల సంచి

ఆస్పత్రి పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. టీ తాగుతూ, "ఆంటీ, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన పని ఏది?" అని అడుగుతారు. రక్తం తుడవడమనో, శవం పక్కన కాపలా కూర్చోవడమనో చెబుతానని ఎదురుచూస్తారు. అవన్నీ అలవాటైపోతాయి. అలవాటు కాని పని ఒకటుంది. మన పనినే పక్క మనిషి మనకంటే బాగా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం. దానికి ట్రైనింగు లేదు. నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ అంతంతమాత్రమే. ఆ సంగతే చెబుతాను.

పశ్చిమ ఢిల్లీలో ఒక ట్రస్టు ఆస్పత్రి. అందులో ఎలర్జీ విభాగానికి నేను ఆయాను. మా ఆయన కోస్తా నుంచి ఆఫీసర్ల ఇళ్ళలో వంటకని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, ఆయన వెనకే నేనూ వచ్చాను. జనక్‌పురిలో ఒక మేడ కింది గదిలో ఉండేవాళ్ళం. ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. రిటైరయ్యాక పై వాటాలో ఉండే ఒక గవర్నమెంటు ఉద్యోగి భార్య మధ్యాహ్నాలు కూర్చోబెట్టి తెలుగు దిద్దించింది. కాబట్టే ఈ మాత్రం రాస్తున్నాను.

మా విభాగంలో జరిగేది పైకి చూస్తే చిన్న పనే. ముంజేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో చుక్క వేస్తారు. ఒకటి దుమ్ముది, ఒకటి పుప్పొడిది, ఒకటి గుడ్డుది, ఒకటి రొయ్యది. ఆ చుక్కల మీద సన్నటి సూదితో పైపైన పొడుస్తారు. పడని వస్తువు దగ్గర దోమ కుట్టినట్టు చర్మం పొంగుతుంది. పడే వస్తువు దగ్గర ఏమీ కాదు. ఈలోగా చెయ్యి గోక్కోకుండా, చుక్కలు కలిసిపోకుండా చూడటం నా పని.

కష్టమంతా అర్థం చేయించడంలో ఉండేది. "నిన్నటిదాకా తిన్నదే ఇవాళ ఎందుకు పడటం లేదు?" అని ప్రతి మనిషీ అడుగుతాడు. మా డాక్టరు మేడం ఓపికగల మనిషి. కాగితం మీద బొమ్మ గీసి చెప్పేది. పడని వస్తువు ఒంట్లోకి వచ్చిన మొదట్లో ఏమీ జరగదట. ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుని, దాన్ని పట్టుకోవడానికే సరిపోయే కొక్కేల్లాంటివి తయారు చేసుకుంటుందట. వాటినే యాంటీబాడీలంటారు. అవి పోయి చర్మంలోనూ గొంతులోనూ పేగుల్లోనూ ఉండే ఒక రకం కణాల మీద గుచ్చుకుని కూర్చుంటాయి. ఆ కణాల కడుపునిండా దురద పుట్టించే మందు ఉంటుంది. మళ్ళీ ఆ వస్తువు వచ్చి ఒక్క కొక్కేన్ని తాకితే ఏమీ కాదు. పక్కపక్కనున్న రెండింటిని ఒకేసారి పట్టి కలిపితేనే కణం తెరుచుకుని లోపలున్న మందంతా బయటికి కక్కేస్తుంది. ఆ మందు వల్లే దద్దుర్లూ, వాపూ, ఊపిరాడకపోవడమూ.

మేడం చెబుతున్నంతసేపూ జనం తలలూపేవాళ్ళు. ఆమె లోపలికి వెళ్ళగానే నా కొంగు పట్టుకుని, "దీదీ, ఇంతకీ ఏమన్నారు?" అనేవాళ్ళు.

ఒకసారి ఇంట్లో జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే నాకు తట్టింది. పాత జాకెట్టు గుడ్డతో గుప్పెడంత సంచి కుట్టాను. మూతికి జారుముడి వేసి, ఆ ముడి నుంచి దారాలు బయటికి వేలాడదీసి, ఒక్కో దారం చివర ఒక్కో హుక్కు తగిలించాను. లోపల ఆవాలు పోశాను. విడిగా ఒక గుడ్డ ఉండ చేసి దాని చుట్టూ దారపు కాజాలు కుట్టాను. సంచి కణం, హుక్కులు యాంటీబాడీలు, ఉండ పడని వస్తువు. ఒక్క హుక్కుకు తగిలించి లాగితే సంచి ఊగేదే తప్ప ముడి ఊడేది కాదు. రెండు హుక్కులకు తగిలించి లాగానా, ముడి జారి ఆవాలన్నీ జలజలా నేలంతా పరుచుకునేవి.

మొదటిసారి చూపించినప్పుడు ఒక ఆటో అతను పడీపడీ నవ్వాడు. "దీదీ, నా సంచి అయితే రోజూ పగులుతోంది, ముడి వేసేవాడే లేడు," అన్నాడు. అందరూ నవ్వారు. తలుపు దగ్గర నిలబడి మేడం కూడా చూసింది. మర్నాటి నుంచి బొమ్మ గీయడం మానేసి, "ముందు బెంచీ దగ్గర ఆంటీ చెప్పేది విని రండి," అనడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి ఆ బెంచీ నాది. వేరే విభాగాల నుంచి నర్సులు వచ్చి నిలబడి వినేవాళ్ళు. పేషెంట్లు ఇంటికెళ్ళి చుట్టాలకు చెప్పి, వాళ్ళను వెంటబెట్టుకొచ్చి, "ఆ సంచి ఆంటీ ఎక్కడ?" అని వెతికేవాళ్ళు. నా పేరు మీద ఆస్తి అంటూ ఏదైనా ఉందంటే అదే.

అలాంటి చోటికి ఒక అమ్మాయి కొత్తగా చేరింది.

నోయిడా నుంచి మెట్రోలో వచ్చేది. నర్సింగు చదివి, ఎలర్జీ పరీక్షల పని ప్రత్యేకంగా నేర్చుకుంది. తల్లిదండ్రులు తెలుగువాళ్ళే, తను పుట్టింది పెరిగింది ఇక్కడ. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. "ఏమ్మా, తిన్నావా?" అంటే, "హాఁ ఆంటీ, ఖా లియా." మొదట్లో ముద్దుగానే ఉండేది. సూది పొడిస్తే పసిపిల్లలు కూడా ఏడ్చేవాళ్ళు కారు, అంత తేలిక చెయ్యి. అది కూడా ఓర్చుకున్నాను. సూది నా పని కాదు కదా.

ఒకరోజు పలక లాంటి ఫోను ఒకటి తెచ్చి బెంచీ ముందు నిలబెట్టింది. అందులో తను సొంతంగా చేసిన వీడియో. కణానికి కళ్ళూ చేతులూ పెట్టింది. కొక్కేలు మెరుస్తూ వచ్చి దాని మీద వాలతాయి. రొయ్య ఒకటి మీసాలు తిప్పుకుంటూ వచ్చి రెండు కొక్కేల మీద కాళ్ళు పెడుతుంది. ఢాం! నక్షత్రాలు. పిల్లలు, "దీదీ, ఫిర్ సే! ఫిర్ సే!" అని మళ్ళీ వెయ్యమని అరిచారు. బెంచీ ఈ చివర నా దగ్గర కూర్చున్న ముసలాయన కూడా సంచి వదిలేసి మెడ అటు సాచాడు. నా చేతిలో హుక్కులు చిక్కుపడ్డాయి. విడదీసుకునేసరికి నా ముందు ఎవరూ లేరు.

ఆ రోజు నుంచి నాకు ఆ పిల్ల చేసేదేదీ నచ్చలేదు. నడిస్తే చెప్పుల చప్పుడు ఎక్కువనిపించేది. మేడం మధ్యాహ్నం డబ్బా విప్పి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటే నాకు అన్నం దిగేది కాదు. నేను ఎన్నో ఏళ్ళు మేడం డబ్బా కడిగాను, అందులోంచి ముద్ద తిన్నది లేదు. ఆ పిల్ల వీడియోలో ఏమీ నేల మీద పడదు, ఎవరూ ఊడ్చక్కరలేదు, అదేం కథ అని ల్యాబు వాళ్ళ దగ్గర తీసిపారేసేదాన్ని. వాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. ఆ పిల్లకు ఇవేవీ తెలిసినట్టు ఉండేది కాదు. "ఆంటీ, ఆప్ కీ థైలీ బహుత్ క్యూట్ హై," అనేది. క్యూట్ అట! ఎన్ని వందల మందికి రోగం అర్థం చేయించిన సంచి అది.

చివరికి మేడమే ఇద్దరినీ పిలిచింది. హాలు మరమ్మతు చేయిస్తున్నారని, కొత్త హాల్లో ఒక మూల ఒక్కరే చెప్పాలని, ఇటు కొంతమంది అటు కొంతమంది వింటుంటే ఎవరికేం తెలిసిందో తనకు తెలియడం లేదని అంది. "ఈ వారం ఇద్దరూ చెప్పండి. విని తేలుస్తాను," అంది.

"ఠీక్ హై మేడం," అంది ఆ పిల్ల, నీళ్ళు తాగినంత తేలికగా.

నేను తలూపాను. ఆ బెంచీ పోతే నేను మళ్ళీ చీపురూ బకెట్టూ మాత్రమేనని నాకు తెలుసు. ఇంటికెళ్ళి సంచికి కొత్త దారాలు వేశాను. ఆవాలు కూడా మార్చాను. పాతవాటి కంటే లావువి, బాగా చప్పుడయ్యేవి ఏరి పోశాను.

ఆ వారంలోనే ఒక తల్లీ కూతురూ వచ్చారు.

కూతురు బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. తల్లి గోదావరి వైపు మనిషి, కూతురికి ఒంట్లో బాగోలేదని తెలిసి రైలెక్కి వచ్చింది. ఆవిడకు హిందీ ముక్క రాదు. హాల్లో వీడియో నడుస్తుంటే బిక్కమొహం వేసుకుని చూస్తోంది. నేను ఎవరినో, "అమ్మా, కొంచెం జరగండి," అన్నాను అలవాటుగా. ఆవిడ గిర్రున తిరిగింది.

"ఏవండీ, మీరు మనోళ్ళేనాండీ?"

"మనోళ్ళమేనమ్మా."

"బతికించేరు! వచ్చిన కాణ్ణించీ నోరు కట్టేసినట్టుందండీ. ఈ పిల్లేమో అన్నీ ఇంగిలీషులో మాటాడేసి, నాకు సగం చెప్పదు." వీడియోకు వీపు పెట్టి నా పక్కన కూర్చుంది. మేడం కిటికీలోంచి ఇటే చూస్తోంది. నాకు ఎంత సంతోషమైందో! వీడియో దగ్గరున్న నోయిడా పిల్ల వైపు ఒకసారి చూసి, సంచి బయటికి తీశాను.

"అమ్మా, ఊరుకో, అందరూ చూస్తున్నారు," అంది కూతురు.

"చూడనీయే. అక్కగారు చెబుతున్నారు కదా."

అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. అన్నేళ్ళూ హిందీలో చెప్పిన కథను మొదటిసారి సొంత భాషలో చెబుతున్నాను. ఆవిడ కూడా మంచి ప్రశ్నలే వేసింది. "చిన్నప్పట్నించీ మా ఇంట్లో రొయ్య లేందే ముద్ద దిగదండీ దీనికి. ఇప్పుడేం వచ్చిందండీ?" అంది. "ఇన్నాళ్ళూ కొక్కేలు లేవమ్మా. తింటూ ఉండగానే ఎప్పుడో లోపల మొలిచాయి. అవి మొలిచేటప్పుడు మనకు తెలీదు," అన్నాను. ఉండను ఒక హుక్కుకు తగిలించి లాగాను. ఏమీ కాలేదు. రెండింటికి తగిలించి లాగాను. లావు ఆవాలు బెంచీ కింద దాకా దొర్లాయి. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయితే దీనికి దద్దుర్లొచ్చి పడిపోయినప్పుడు లోపల ఇలాగే అయిందన్నమాట."

"అచ్చం ఇలాగే," అని సంచిని తిరగేసి దులిపి చూపించాను. ఒక్క గింజ లేదు. ఆవిడ దాని వంక చాలాసేపు చూసింది.

తర్వాత లోపలికి తీసుకెళ్ళారు. అలా పడిపోయిన అటాక్ వచ్చి ఎన్నాళ్ళయిందని మేడం అడిగితే రెండు నెలలు దాటిందని కూతురు చెప్పింది. అబద్ధం. అయింది ఆ వారంలోనే. అటాక్ వచ్చిన కొత్తలో ఈ పరీక్ష చెయ్యరని గదిలో స్నేహితురాలు ఎవరో చెప్పిందట. తల్లికి తిరుగు రైలు టికెట్టు ఉంది, ఉన్నప్పుడే తేల్చుకుని పోదామని ఇద్దరూ అనుకున్నారట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

నోయిడా పిల్లే సూది పొడిచింది. అందరికీ పొంగాల్సిన చుక్క ఒకటుంటుంది, దురద మందునే నేరుగా వేసి చర్మం పొంగుతుందో లేదో చూడటానికి. అది పొంగింది. రొయ్య చుక్క దగ్గర మాత్రం చర్మం నున్నగా ఉంది. మేడం నుదురు ముడిపడింది. "మీరు చెప్పిన లక్షణాలకూ దీనికీ పొంతన లేదు. రక్తపరీక్ష చేద్దాం. అది వచ్చేదాకా రొయ్య ముట్టుకోవద్దు," అని కూతురితో ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. రక్తం గొట్టాలు తెమ్మని నన్ను కింద ల్యాబుకు పంపింది.

నేను తిరిగి వచ్చేసరికి హాల్లో వాసన. ఇంగువ, ఆవపిండి, నూనెలో వేగిన రొయ్య. ఢిల్లీ జనం ముక్కులు మూసుకుంటున్నారు. నాకు మాత్రం ఒక్క క్షణం నోరూరింది, మరుక్షణం వాసన ఎక్కణ్ణించో వెతికాను. తల్లి ఒళ్ళో స్టీలు డబ్బా. రొయ్యల పచ్చడి కలిపిన అన్నం. కూతురు నోట్లో ముద్ద.

"అయ్యో, అదేంటమ్మా! ముట్టొద్దన్నారు కదా!"

"చెయ్యి మీద ఏం రాలేదు కదండీ," అంది తల్లి నింపాదిగా. "అయినా సంచి ఖాళీ అయిపోయిందని మీరే చూపించారు కదండీ అక్కగారూ. ఖాళీ సంచిలోంచి ఏం రాల్తాదండీ?"

"ఏమైనా అయితే ఆస్పత్రిలోనే ఉన్నాం కదా ఆంటీ," అని కూతురు నవ్వింది. నవ్వుతూనే అరచేయి గోక్కుంది. తర్వాత రెండో అరచేయి. తర్వాత పెదవి.

నేను గొట్టాలు బెంచీ మీద పడేసి, లోపలి గదికి నడిపిద్దామని కూతురి చంకల కింద చేతులు వేసి లేపాను. రెండు అడుగులు వేసింది. మొహం పాలిపోయి నా మీదికి వాలింది.

"ఆంటీ, ఉఠానా మత్! పడుకోబెట్టు! పడుకోబెట్టు!"

ఆ నోయిడా పిల్ల. నాతో తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి. నా చేతుల్లోంచి ఆ అమ్మాయిని తీసుకుని నేల మీద, ఊడ్వని ఆవాల మధ్యే, పడుకోబెట్టింది. నన్ను కాళ్ళు ఎత్తి పట్టుకోమంది. ఈ స్థితిలో మనిషిని నిలబెట్టకూడదని మేడం మాకు ఎన్నిసార్లు చెప్పిందో. అంతా తెలిసీ చేతులు వాటి పాటికి అవి లేపేశాయి. మేడం పరుగున వచ్చి మాట పూర్తి చెయ్యకముందే నోయిడా పిల్ల, కూతురి తొడకు ప్రాణం నిలిపే ఇంజెక్షన్ చేసేసింది. నేను కాళ్ళు పట్టుకుని ఆమె చేతులనే చూస్తున్నాను. వణుకు లేదు. ఈ అమ్మాయి బతుకుతుందా లేదా అన్న భయం ఒకపక్క ఉంది, అయినా లోపల ఇంకో మూల, ఆ చేతులు నావి కాకపోయాయే అని కాలుతోంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే నిమిషంలో ఎలా పడతాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆక్సిజన్ పెట్టారు. కూతురి గొంతులో పిల్లికూతలాంటి చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గింది. పెదవులకు రంగు వచ్చింది. కళ్ళు తెరిచి తల్లి కోసం చూసింది. అటాక్ మళ్ళీ రావచ్చు కాబట్టి రాత్రంతా కనిపెట్టి ఉండాలని ఎమర్జెన్సీ వార్డుకు తీసుకెళ్ళారు.

తల్లిని మాత్రం మేడం కాసేపు ఆపింది. "ఎందుకు పెట్టారో అడుగు," అంది నాతో.

అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ చెప్పింది, "ఈ వారంలోనే కదండీ ఇది పడిపోయింది, సంచి ఖాళీగా ఉందని ఈ అక్కగారే చూపించారండీ. ఖాళీగా ఉన్నప్పుడు తినేస్తే ఏం కాదు, మళ్ళీ నిండితే తినకూడదేమో అనుకున్నానండీ. అసలు నిండుద్దో లేదో కూడా తెలీదు నాకు. ఈవిడ చెప్పలేదు."

మేడంకు తెలుగు రాదు. ఆవిడకు హిందీ రాదు. ఆ మాట మేడం దాకా నా నోటి మీదుగానే పోవాలి. ఎలా తిప్పి చెప్పినా అడిగేవాళ్ళు లేరు. కానీ పక్కన నోయిడా పిల్ల ఉంది, తెలుగంతా అర్థమవుతుంది. తల దించుకుని చేతి గ్లవ్సు విప్పుకుంటోంది, నా వైపు చూడటం లేదు. చూసినా బాగుండేది. ఉన్నది ఉన్నట్టు హిందీలో చెప్పాను.

మేడం కుర్చీలో కూర్చుంది. "అటాక్ అయిన కొత్తలో చర్మం నిజంగానే తేరుకుని ఉండదు. అందుకే పరీక్షలో కనబడలేదు. కానీ మిగతా ఒంట్లో ఆ మందు చాలినంత ఉంది," అంది. "ఎన్నేళ్ళుగా వింటున్నాను ఈ కథ. ఖాళీ అయ్యాక ఏమవుతుందో ఇందులో లేదని నాకూ తట్టలేదు," అంది.

"నా వీడియోలో కూడా లేదు మేడం," అంది ఆ పిల్ల. "నక్షత్రాలతో అయిపోతుంది."

నాకు ఆ మాట చల్లగా తగలాలి. తగల్లేదు. నా తప్పులో పాలు పంచుకోవడానికి కూడా ఆమెకు అంత తేలిగ్గా మాట దొరికిందే అనిపించింది.

తర్వాత ఆమె నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. చెల్లాచెదురైన ఆవాలను అరచేత్తో దగ్గరికి తీసింది. బెంచీ మీదున్న నా సంచి అందుకుని, తల్లి ఎదురుగా, గుప్పెడు గుప్పెడుగా నింపడం మొదలుపెట్టింది.

"అమ్మా, చూడు," అంది వచ్చీరాని తెలుగులో. "ఖాళీ అయింది కదా. ఇలా మళ్ళీ నిండుతుంది. మెల్లగా. నీకు కనబడదు, బయటికి తెలీదు. ఈ హుక్కులు ఉన్నాయి కదా, ఇవి ఎక్కడికీ పోలేదు. చూడు. ముడి కూడా మళ్ళీ పడుతుంది." జారుముడి వేసి సంచిని ఆవిడ చేతిలో పెట్టింది. "ఇప్పుడు మొదట్లో ఎలా ఉందో అలాగే."

తల్లి సంచిని అటూ ఇటూ తిప్పి బరువు చూసింది. "అయితే ఎప్పుడూ ఖాళీ అని నమ్మకూడదన్నమాట," అంది. డబ్బా మూత పెట్టి, డబ్బాతో సహా చెత్తబుట్టలో పడేసింది. అప్పుడు ఏడ్చింది.

నేను మాత్రం ఆ సంచినే చూస్తున్నాను. ప్రతిసారీ కథ అయ్యాక ఆవాలు ఊడ్చి, చెరిగి, స్టోర్‌రూములో తెర వెనక మళ్ళీ నింపుకునేది నేనే. ఎన్ని వేలసార్లు నింపి ఉంటాను! దాన్ని ఇంటి చాకిరీలాంటి పని అనుకున్నాను. పని కాదు, కథలో అసలు సగం అదేనని ఆమెకు తెలిసింది. నా చేతుల్లో ఉన్నదే నాకు కనబడకుండా ఆమెకు కనబడింది. వేరే ఎవరి సొమ్మో తెచ్చి గెలిచి ఉంటే నాకు అంత మంట ఉండేది కాదు.

మేడం ఆ వారం చివర తేల్చి చెప్పింది. కొత్త హాల్లో కథ ఆ అమ్మాయే చెబుతుంది, వీడియోతో కాదు, సంచితో. అలా నా బెంచీతో పాటు నా సంచి కూడా పోయింది. "ఆంటీ, మీరూ పక్కనే ఉండండి, ప్లీజ్," అంది ఆమె. నీళ్ళ క్యాన్లు మార్చాలని చెప్పి వెళ్ళిపోయాను. మార్చాల్సినవేవీ లేవు.

రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. తుడుస్తూ, పేషెంట్లను కూర్చోబెడుతూ, చెవి మాత్రం అటు వేసి ఉంచేదాన్ని. ఆమె కథ నా కథ కంటే పొట్టిది. ఆవాలు రాల్చేది, జనం నవ్వేవాళ్ళు. తర్వాత మాట్లాడకుండా నింపేది, జనం నవ్వు ఆగిపోయేది. ఒక పెద్దాయన, "అంటే బేటీ, అటాక్ వస్తే చేసుకునే ఆ ఇంజెక్షన్ నేను ఎప్పుడూ జేబులో పెట్టుకుని తిరగాలా?" అని అడిగాడు. సరిగ్గా అందరూ అడగాల్సిన ప్రశ్న అది. అన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. నా కథ విన్నవాళ్ళు, "వాహ్ దీదీ" అనేవాళ్ళు. ఆ రెండిటికీ తేడా తెలిశాక కూడా నాకు "వాహ్ దీదీ"యే కావాలనిపించేది.

ఈ మధ్య మా మనవరాలికి గుడ్డు తింటే దద్దుర్లు వస్తున్నాయని అక్కడికే తీసుకెళ్ళాను. బెంచీ లేదు, వరసగా కుర్చీలు. ఢిల్లీని పొగ కమ్మే రోజులు కాబట్టి అందరికీ మాస్కులు, నన్నెవరూ గుర్తుపట్టలేదు. ఆ నోయిడా అమ్మాయి ఇప్పుడు ఆ విభాగానికి ఇన్‌ఛార్జి. జుట్టు కాస్త నెరిసింది. చెప్పుల చప్పుడు మాత్రం అదే. సంచి వెలిసిపోయింది, హుక్కులు కొత్తవి.

కథ మొదలుపెట్టింది. నేను తప్పు దొరుకుతుందేమోనని వింటున్నాను. దొరకలేదు. రాల్చింది, నింపింది, ముడి వేసింది. ఎవరో, "ఇదెవరు తయారు చేశారు మేడం?" అని అడిగారు.

"మా ఆంటీ ఒకావిడ," అంది హిందీలో. "సంచి ఆవిడ కుట్టినదే. రాలడం ఒక్కటే కాదు, నింపడం కూడా చూపించాలని నాకు నేర్పింది ఆవిడే. నేను తిరిగి చెబుతున్నానంతే."

అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. నా మనవరాలు నా మొహం కేసి చూసింది. నాకు గొంతులో దురద పుట్టింది. కథ గెలుచుకుంది, పోనీ. మేడం పక్కన చోటు గెలుచుకుంది, పోనీ. ఇప్పుడు నేను లేననుకుని కూడా తనదాన్ని తీసి నాకు ఇచ్చేస్తోంది. అంత పెద్ద మనసు కూడా ఆమెదేనా! దాన్ని పుచ్చుకుని ఊరుకుంటే ఇక నాకు మిగిలేదేముంది?

లేచాను. మాస్కు కిందికి లాగాను.

"అబద్ధం," అన్నాను హాలంతా వినబడేలా. "నింపడం ఆమెదే. నాది రాలడం వరకే."

ఆమె ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పెద్దగా నవ్వింది. "ఆంటీ! మీరు స్టోర్‌రూములో తెర వెనక నింపుతుంటే నేను రోజూ చూసేదాన్ని. అక్కడ చూసిందే చేశాను," అంది తెలుగులో. తెలుగు బాగుపడింది. అది కూడా నేర్చేసుకుంది.

ముందు వరసలో పసిపిల్లను ఎత్తుకున్న ఒకామెకు మా ఇద్దరి తగువూ విసుగు పుట్టించినట్టుంది.

"ఎవరిదైతే ఏంటి దీదీ," అంది. "ఆ సంచి మళ్ళీ నిండటానికి ఎన్నాళ్ళు పడుతుందో అది చెప్పండి ముందు."

ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం. నేనే ముందు చెప్పాను.